వ్రాయవలసిన పేర్లు

వార్షిక సంచిక వెలువడే సమయానికి ప్రతి విభాగమూ తన సంవత్సర కాలపు వార్తలను, విజయాలను సంపాదకవర్గానికి అందజేయడం కళాశాలలలో పరిపాటి. ఎవరెవరు ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైనారు, వక్తృత్వపు పోటీలో ఎవరికి బహుమతి లభించింది, ఉన్నతవిద్యకు ఎవరు ఎంపికైనారు అనే విషయాలు అందులో ఉంటాయి. సంచిక చేతికందగానే విద్యార్థులందరూ మొదట వెదికేది ఆ పుటలనే. తన పేరును అచ్చులో చూచుకోవాలనే కోరిక సహజమైనది. అందులో దోషమేమీ లేదు. ఈ సంవత్సరం జీవశాస్త్ర విభాగం తరఫున ఆ వార్తలను వ్రాసే బాధ్యత అంతిమ సంవత్సర విద్యార్థులమైన మాకు అప్పగించబడింది. ఉత్తీర్ణుల పట్టికను, బహుమతుల వివరాలను వేరుగా సమర్పించాము. ఇక్కడ మేము విన్నవించదలచినది వేరొక సంగతి. జీవశాస్త్ర విభాగం సాధించిన విజయం అంటే అది ఎవరి విజయం? దానిని వ్రాసేటప్పుడు ఎవరెవరి పేర్లు వ్రాయాలి?

ఈ ప్రశ్న ఊరకనే పుట్టలేదు. ఈ సంవత్సరం మా అధ్యాపకులు మమ్ములను రెండు స్థలాలకు తీసుకొని వెళ్లారు. ఒకటి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం. రెండవది బేగంపేటలో పాత విమానాశ్రయానికి సమీపాన ఉన్న సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవిశాస్త్ర సంస్థ. అదీ ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందినదే. అక్కడ విన్న విషయాలను, తిరిగి వచ్చిన పిమ్మట గ్రంథాలయంలో చదివిన విషయాలను కలిపి ఈ వ్యాసంగా కూర్చాము.

మన నగరంలో జీవశాస్త్రపు చదువును గురించి చెప్పేటప్పుడు ఉస్మానియాతోనే ప్రారంభించాలి. 1918లో నెలకొన్న ఆ విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషను, మన ఉర్దూను, ఉన్నతవిద్యకు బోధనాభాషగా స్వీకరించింది. ఆంగ్లం లేనిదే విజ్ఞానశాస్త్రం లేదని విద్యావంతులలో అధిక సంఖ్యాకులు నమ్ముతున్న కాలమది. పుస్తకాలు లేనిదే పాఠాలు సాగవు కనుక, అంతకు ముందే 1917లో ‘దారుల్ తర్జుమా’ అనే అనువాద సంస్థను ఏర్పాటు చేశారు. ఆ సంస్థ వందలాది గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. శాస్త్రపదాలను ఏ సూత్రాల ప్రకారం నిర్మించాలో వివరిస్తూ మౌల్వీ వహీదుద్దీన్ సలీం 1921లో ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అనే గ్రంథాన్ని ప్రకటించారు. వృక్షశాస్త్రం ‘నబాతియాత్’ అయింది. జంతుశాస్త్రం ‘హైవానియాత్’ అయింది. హైదరాబాదు 1948లో భారత యూనియన్‌లో చేరిన తరువాత ఉస్మానియాలో బోధనాభాష ఆంగ్లానికి మారింది. అటు పిమ్మట 1968లో తెలుగు అకాడమి ఏర్పడి తెలుగులో పాఠ్యగ్రంథాలను వెలువరించింది. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఇదే నగరంలో ప్రారంభమైంది. ఈ విధంగా ఒక శతాబ్దానికి పైగా మన రెండు భాషలూ జీవశాస్త్రంతో పరిచయం కలిగి ఉన్నాయి.

ఇది పాత చరిత్ర కదా, ఇప్పుడు దీనితో మనకేమి పని అని కొందరు అడుగవచ్చు. పని ఉన్నది. మా తరగతిలో కొందరు ఉర్దూ మాధ్యమం నుండి, కొందరు తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారు. అనేకుల ఇండ్లలో డిగ్రీ చదువు వారితోనే మొదలైనది. ప్రథమ సంవత్సరపు తొలి మాసాలలో ఆంగ్ల గ్రంథాలను ముందు పెట్టుకొని, ‘ఇది మనవంటి వారి చదువేనా?’ అని మనస్సులో తర్కించుకోని వారు మాలో లేరు. ఒక సహాధ్యాయిని రెండవ నెలలోనే చదువు మాని ఇంటికి వెళ్లిపోవడానికి సిద్ధపడింది. మార్కులు రాకపోవడం దానికి కారణం కాదు. ఈ శాస్త్రంలో తనవారెవ్వరూ లేరనే భావమే కారణం. ఆమె ఆగిపోయింది, ఈ వ్యాసం వ్రాస్తున్న వారిలో ఆమె కూడా ఒకరు. కనుక ఈ శాస్త్రంలో మనవారెవరైనా ఉన్నారా అనే ప్రశ్న మాకు వట్టి చరిత్ర ప్రశ్న కాదు.

ఉల్లిపొరను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచిన మొదటి దినం మాకు ఇంకా జ్ఞాపకమున్నది. కనిపించిన దానిని కొందరం ‘కణం’ అన్నాము, కొందరం ‘ఖలియా’ అన్నాము. ఆంగ్లంలో దానిని ‘సెల్’ అంటారు. 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కను పరిశీలించి, అందులోని అరలను చూచి పెట్టిన పేరది; చిన్న గది అని దాని అర్థం. ‘ఖలియా’ అనే అరబ్బీ మాటకు తేనెటీగల గూడు అనే అర్థం కూడా ఉన్నది. తెలుగు ‘కణం’ మిక్కిలి సూక్ష్మమైన అంశాన్ని సూచిస్తుంది. ఒక భాషకు అది గదిగా, ఒక భాషకు తేనెపట్టుగా, ఒక భాషకు రేణువుగా తోచింది. మూడూ నిజమే. అట్లాగే మొక్క సూర్యరశ్మి సహాయంతో ఆహారాన్ని తయారు చేసుకొనే క్రియను ఉర్దూలో ‘జియాయీ తాలీఫ్’ అంటారు. వెలుగుతో కూర్చడం అని భావం. తెలుగులో అది ‘కిరణజన్య సంయోగక్రియ’. ఈ రెండింటిలో ఏది విన్నా క్రియాస్వరూపం సగం బోధపడుతుంది. గ్రీకు ధాతువులతో కట్టిన ఆంగ్లపదం గ్రీకు తెలియని వానికి అంత సులభంగా అర్థాన్ని ఇవ్వదు. ఆంగ్లం నేర్చుకోవద్దని మేము అనడం లేదు; నేర్చుకోవలసినదే, నేర్చుకొంటున్నాము. కాని ఇంటి నుండి తెచ్చుకొన్న మాట శాస్త్రానికి అడ్డుగోడ కాదని, అది కూడా ఒక ద్వారమని మాత్రం చెప్పదలచాము.

ఉస్మానియాలో తొలి తరపు జీవశాస్త్ర అధ్యాపకులు తరగతి గదికే పరిమితం కాలేదు. వృక్షశాస్త్రాచార్యులు సయీదుద్దీన్ 1930ల దశకంలో హైదరాబాదు సంస్థానంలోని పుష్పించే మొక్కలను, వాటి వ్యాప్తిని, ఆర్థిక ప్రయోజనాన్ని గూర్చి వ్యాసాలు ప్రకటించారు. జంతుశాస్త్ర విభాగానికి చెందిన రహీముల్లా 1940ల దశకంలో సంస్థానపు చేపలను గూర్చిన సర్వే ఫలితాలను బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువరించారు. ఇటువంటి సర్వేలు గదిలో కూర్చుండి చేయగలిగినవి కావు. అడవిలో మొక్క ఎక్కడ ఉన్నదో పశువుల కాపరికి తెలుస్తుంది. ఏ చెరువులో ఏ చేప ఏ ఋతువులో దొరుకుతుందో జాలరికి తెలుస్తుంది. వారు దానిని ఏ పేరుతో పిలుస్తారో విని వ్రాసుకొనడం కూడా శాస్త్రజ్ఞుని పనిలో భాగమే. శాస్త్రవ్యాసం చివర ఒకే ఒక పేరు కనిపించినా, ఆ వ్యాసం వెనుక ఎన్నో చేతులు ఉంటాయి. ఈ సంగతిని మాకు అన్నింటి కంటె స్పష్టంగా బోధించినది బేగంపేటలోని ఆ పాత భవనం.

1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని చూచారు. అది ఒకరి నుండి మరొకరికి ఎట్లు చేరుతున్నదో మాత్రం తెలియలేదు. దోమకు దీనితో సంబంధం ఉండవచ్చునని లండనులో పాట్రిక్ మాన్సన్ ఊహించారు. ఆ ఊహను పరీక్షించడానికి సైనిక వైద్యుడైన రోనాల్డ్ రాస్ 1895లో సికిందరాబాదులో పూనుకొన్నారు. రెండేండ్లు గడిచినా ఫలితం కనిపించలేదు. కారణం సులభమైనదే. ఆయన కోసి చూస్తున్నవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. మనుష్యుల మలేరియాను మోసేవి అవి కావు. 1897 ఆగస్టు మాసపు ఉక్కలో ఆయన పని చేసిన తీరు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని పంకా వేయించుకోలేదు. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క నేత్రకటకమూ పగిలి ఉన్నది.

ఆగస్టు 16వ తేదీన ఆసుపత్రిలో జరిగిన సంగతిని రాస్ తరువాతి కాలంలో తన ఆత్మకథలో చెప్పుకొన్నారు. ఆసుపత్రి సహాయకుడొకరు గోడపై వాలి ఉన్న ఒక చిన్న దోమను ఆయనకు చూపించారు. దాని తోక భాగం గోడకు దూరంగా పైకి లేచి ఉన్నది. సాధారణమైన దోమ గోడకు సమాంతరంగా వాలుతుంది. ఇది అట్లా వాలలేదు. రాస్ దానిని పట్టి పరిశీలిస్తే రెక్కలపై మచ్చలు కనిపించాయి. అదే సమయంలో, ముందురోజు సేకరించి తెచ్చిన దోమపిల్లల నుండి కూడా దోమలు వెలువడినాయి. అవి కూడా మచ్చల రెక్కల దోమలే. నేడు మనం వాటిని అనాఫిలిస్ అంటున్నాము. ఆసుపత్రిలో మలేరియాతో బాధపడుతున్న హుసేన్ ఖాన్ అనే రోగి, ఆ దోమలు తనను కుట్టడానికి అంగీకరించారు. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది.

తరువాతి దినాలలో రాస్ ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి చూచారు. కొన్ని చచ్చిపోయాయి, కొన్నింటిలో ఏమీ కనిపించలేదు. ఆగస్టు 20వ తేదీ నాటికి కొన్నే మిగిలాయి. ఆనాడు కోసిన దోమ జీర్ణకోశపు గోడలో గుండ్రని కణాలు కనిపించాయి; వాటిలో నల్లని రేణువులు ఉన్నాయి. మలేరియా పరాన్నజీవిలో ఉండే రంగురేణువులు అవే. మరునాడు మరొక దోమను కోసినప్పుడు ఆ కణాలు ఇంకా పెద్దవిగా కనిపించాయి. అంటే అవి దోమ శరీరంలో పెరుగుతున్నాయి. పెరుగుతున్నది ప్రాణమున్నదే కదా. ఇదే ఆ పరిశోధనకు కీలకం. ఆ సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితం వెలువడింది. 1898లో రాస్ కలకత్తాలో పక్షుల మలేరియాపై పని చేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల వరకు చేరే మార్గాన్ని నిరూపించారు. మనుష్యుల మలేరియాలో అనాఫిలిస్ దోమ పాత్రను అదే సంవత్సరం ఇటలీలో గ్రాసీ ప్రభృతులు స్థాపించారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. ఆగస్టు 20వ తేదీని నేటికీ ప్రపంచమంతటా దోమల దినంగా పాటిస్తున్నారు.

ఈ కథలో మమ్ములను నిలిపివేసినది నోబెల్ బహుమతి కాదు. ఆ దోమను గోడపై చూపించిన సహాయకుని పేరు తనకు గుర్తు లేదని రాస్ స్వయంగా విచారం తెలుపుతూ వ్రాశారు. దోమపిల్లలను తెచ్చిన మనిషి పేరూ ఆ ఘట్టంలో లేదు. హుసేన్ ఖాన్ పేరు మాత్రం నిలిచింది. కలకత్తాలో రాస్‌కు సహాయకుడుగా పని చేసిన మహమ్మద్ బక్ష్ పేరు కూడా నిలిచింది. రాస్ దంపతులతో పాటు ప్రయోగశాల ముందు, పక్షుల పంజరాల వద్ద ఆయన ఉన్న ఛాయాచిత్రం నేటికీ చూడవచ్చు. రాస్ ఘనతను తగ్గించడానికి మేము ఈ మాటలు వ్రాయడం లేదు. రెండేండ్ల ఓపిక ఆయనది. చూచిన దానిలోని అర్థాన్ని గ్రహించిన మేధ ఆయనది. పేరు మరచిపోయానని ఒప్పుకొన్న నిజాయితీ కూడా ఆయనదే. కాని గోడపై దోమ వాలిన భంగిమలోని తేడాను గమనించిన ఆ కన్ను లేకపోతే, ఆ చేయి చూపకపోతే, ఆ ఆగస్టు మాసం ఇంకొక విధంగా గడిచేదేమో. ‘ఈ శాస్త్రంలో మనవారెవరైనా ఉన్నారా?’ అనే మా ప్రశ్నకు సమాధానం అక్కడ దొరికింది. ఉన్నారు. మొదటి నుండీ ఉన్నారు. కొందరి పేర్లు వ్రాయబడలేదు, అంతే.

ఆ భవనంలో మొదలైన పని ముగిసిపోలేదు. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైనాయి. పొరుగున ఉన్న శ్రీలంక 2016లో మలేరియా రహిత దేశంగా ధృవీకరణ పొందింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక టీకాను, 2023లో రెండవ టీకాను సిఫారసు చేసింది. ఈ రెండవ దానిని పూనాలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేస్తున్నది. అయినప్పటికీ 2023లో ప్రపంచంలో సుమారు 5,97,000 మంది మలేరియాతో మరణించారు. వారిలో అత్యధికులు ఆఫ్రికాలోని పసిపిల్లలు. టీకా పరీక్షలలో పాల్గొన్న వేలాది పిల్లల తల్లులను తలచినప్పుడు మాకు హుసేన్ ఖాన్ గుర్తుకు వచ్చారు. ఉస్మానియాకే చెందిన జన్యుశాస్త్ర సంస్థ, జన్యువ్యాధుల ఆసుపత్రి కూడా బేగంపేటలోనే ఉన్నది. అటువంటి సంస్థలకు తమ బిడ్డల రక్తాన్ని పరీక్షకు ఇచ్చే తల్లిదండ్రులు సైతం విజ్ఞానానికి దాతలే. రోగి పేరును రహస్యంగా ఉంచడం నేటి వైద్యనీతి, అది సబబైనదే. కాని గోప్యత వేరు, విస్మృతి వేరు. పేరు చెప్పకపోయినా ఋణం చెప్పుకోవచ్చు.

ఇక మా విభాగపు వార్త. మా ప్రయోగశాలలో దీర్ఘకాలంగా అటెండరుగా పని చేస్తున్న పెద్దమనిషి ఈ విద్యాసంవత్సరం చివర పదవీ విరమణ చేస్తున్నారు. ఉర్దూ విద్యార్థులూ, తెలుగు విద్యార్థులూ అందరమూ ఆయనను చాచా అనే పిలుస్తాము. ఏ సీసాలో ఏ నమూనా ఉన్నదో, ఏ సూక్ష్మదర్శిని మర ఎంత త్రిప్పితే నిలుస్తుందో ఆయనకు తెలిసినట్లు మరెవరికీ తెలియదు. వర్షాకాలంలో నీటితొట్టి వద్ద నిలబెట్టి దోమపిల్లలను మాకు చూపించినది ఆయనే. ‘తల క్రిందికి పెట్టి ఏటవాలుగా వ్రేలాడేది ఒక రకం; నీటి మీద చాప పరచినట్లు పడుకొనేది ఇంకొక రకం. ఈ పడుకొనేదే మలేరియాది, జ్ఞాపకం పెట్టుకోండి’ అన్నారు. పాఠ్యగ్రంథంలో ఆ బొమ్మ ఉన్నది. కాని తొట్టిలో చూచిన తరువాత ఆ బొమ్మ ఇక మరపునకు రాలేదు. బేగంపేటలో ఆసుపత్రి సహాయకుని కథ విన్నప్పుడు మేమందరమూ ఒకరి ముఖం ఒకరం చూచుకొన్నాము. అందరికీ చాచాయే తోచారు.

మా విభాగంలో ఎండబెట్టి అట్టలకు అంటించిన మొక్కల సంగ్రహం ఒకటి ఉన్నది. వృక్షశాస్త్రంలో ఒక మంచి ఆచారమున్నది. అట్టపై మొక్క శాస్త్రీయనామం, దొరికిన స్థలం, తేదీ, వీటితో పాటు సేకరించిన వారి పేరు కూడా వ్రాయాలి. ఎంత గొప్ప శాస్త్రజ్ఞుడు ఆ మొక్కను గుర్తించినా, సేకరించిన వాని పేరు తొలగదు. మా అట్టలలో అనేకం చాచా చేతి వ్రాతతో ఉన్నాయి. మోదుగ అట్టపై లాటిన్‌లో ‘బ్యూటియా మోనోస్పెర్మా’ అని, దాని క్రింద ఉర్దూ లిపిలో ‘పలాస్’ అని, తెలుగు లిపిలో ‘మోదుగ’ అని మూడు పంక్తులు ఉంటాయి. ఒకే పువ్వును ముగ్గురు మూడు పేర్లతో పిలిచినా అట్ట ఒక్కటే. రెండు భాషల విద్యార్థులు ఒక బల్ల వద్ద నిలబడి చదువుకొనే మా కళాశాలకు ఇంతకంటె తగిన చిహ్నం మాకు తోచడం లేదు.

ఈ సంచికలో ఆయన పేరు అచ్చు వేయిస్తామని చెప్పడానికి వెళ్లాము. ఆయన నవ్వి, ‘నా పేరెందుకు బేటా? మొక్క పేరు తప్పు పోకుండా రాయండి, చాలు’ అన్నారు. ఎంత బ్రతిమాలినా ఒప్పుకోలేదు. పెద్దల మాట జవదాటడం మర్యాద కాదు గనుక ఇక్కడ ఆయన పేరు వ్రాయలేదు. అయితే సంగ్రహంలోని పాత అట్టలపై సేకర్త పేరు వ్రాసే గడి ఉన్నది. శాస్త్ర నియమం ప్రకారం ఆ గడిని ఖాళీగా ఉంచరాదు. ఆ నియమాన్ని చూపించి అడిగితే ఆయన కాదనలేకపోయారు. రాబోయే సెలవులలో మేము పది మందిమి ఆయన వద్ద కూర్చుండి, ఏ అట్ట ఎవరు తెచ్చినదో అడిగి, తేదీలు సరిచూచి వ్రాయడానికి నిశ్చయించుకొన్నాము. ఆయనకు తెలిసిన సంగతులు ఆయనతో పాటు ద్వారం దాటి వెళ్లిపోకముందే ఈ పని జరగాలి.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంగా మా విన్నపాలు రెండు. మొదటిది, మొక్కల అట్టలను పురుగు తినకుండా భద్రపరచడానికి తలుపులు సరిగా మూసుకొనే ఒక ఇనుప బీరువాను విభాగానికి ఇప్పించాలి. రెండవది, ప్రయోగశాలలో వాడే జీవశాస్త్ర పదాలను ఉర్దూ, తెలుగు, ఆంగ్ల భాషలలో మూడు వరుసలుగా చూపే చిన్న పుస్తకాన్ని అచ్చు వేయించి, ప్రథమ సంవత్సరపు విద్యార్థులకు మొదటి దినమే ఇప్పించాలి. దానికి కావలసిన పదాలను మేమూ, మా అధ్యాపకులూ సిద్ధం చేస్తున్నాము. రెండవ నెలలో చదువు మానివేయాలనుకొనే విద్యార్థినికి ఆ పుస్తకం ఎంత ధైర్యాన్నిస్తుందో మాకు తెలుసు.

ప్రియ సోదర విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు రేపు పరిశోధకులవుతారు, కొందరు వైద్యులవుతారు, కొందరు పాఠశాలలలో జీవశాస్త్రం బోధిస్తారు. ఏ పని చేసినా మీ వ్యాసాలలో, నివేదికలలో, నోటు పుస్తకాలలో మీకు చూపించిన వారి పేరును, తెచ్చి ఇచ్చిన వారి పేరును వారి అనుమతితో ఆనాడే వ్రాసి పెట్టండి. జ్ఞాపకశక్తిని నమ్ముకోవద్దు, అది రాస్ వంటి వారినే మోసగించింది. ఆ వరుసలో మీ తాతయో, మీ ఇంటి ప్రక్కన ఉండే జాలరియో, మీ ప్రయోగశాల అటెండరో ఉండవచ్చు. వారి పేర్లను చదివే చిన్న తరగతి విద్యార్థికి ఈ శాస్త్రం పరాయిదిగా తోచదని మా దృఢవిశ్వాసం.